ఒకే కవరులో కంటి తేదీ, కళ్లజోళ్ల బేరం

నా స్నేహితురాలి ఎడమ కంటి ఆపరేషన్ తేదీ పోవడానికి కారణం నేను. పోయిన సెప్టెంబరు పదహారో తేదీ, మంగళవారం, పదకొండు గంటల పది నిమిషాలకు, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని చూపుడు వేలితో రెండుసార్లు నొక్కాను. అంతే, పోయింది. వేళతో సహా చెప్పగలగడం నా జ్ఞాపకశక్తి గొప్ప కాదు. నొక్కిన వెంటనే ఆ సంగతి రిజిస్టరులో రాసుకున్నాను. అందులో నా తప్పు ఎంతో, అవతలివాళ్ల నీచత్వం ఎంతో విడదీసి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గోదావరి జిల్లాలో నీటిపారుదల శాఖ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు ఇన్‌వర్డ్ గుమాస్తాగా చేశాను. బయటినుంచి వచ్చిన ప్రతి కాగితమూ మొదట నా బల్ల మీదికి రావలసిందే. ముద్ర వేసి, వరుస సంఖ్య ఇచ్చి, ఎవరి నుంచి, ఏ విషయం, ఏ సెక్షనుకు అని రాసి పంపేదాన్ని. ఒక కాగితంలో ఒకటే విషయం ఉండాలన్నది మా ఆఫీసు కట్టుబాటు. కాలువ గట్టు తెగిన సంగతీ, తన సెలవు సంగతీ కలిపి ఒకే ఉత్తరంలో రాసిన ఇంజనీరుగారికి కూడా దాన్ని తిప్పి పంపాను. ఆయన కేకలు వేశారు. మర్నాడు రెండు కాగితాలుగా పంపారు.

ఈ చలిదేశంలో, కనాటా అనే ఊళ్లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చి పదకొండేళ్లయింది. ఇక్కడ ఆస్పత్రికైనా బ్యాంకుకైనా ఈమెయిల్ లేనిదే పని జరగదంటే నేనూ ఒకటి పెట్టించుకున్నాను. మొదటి నెలలో వచ్చినవి లెక్కపెడితే నూట తొంభై ఆరు. నాతో నిజంగా పని ఉండి రాసినవి అందులో పదకొండు. మిగతా అంతా బేరం. ఒక చెప్పుల కొట్టు నా పుట్టినరోజు నాడు నన్ను పేరు పెట్టి పిలిచి, ముద్దు పెడుతున్న మూతి బొమ్మ పంపింది. నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరిలో చెప్పుల కొట్టు లేదు.

ఈ దేశపు చట్టం ఒక సంగతిలో మెచ్చదగ్గది. అమ్మకం కోసం పంపే ప్రతి ఈమెయిల్‌లోనూ ‘ఇక వద్దు’ అని చెప్పే దారి ఉండాలి. దాన్ని అన్‌సబ్‌స్క్రైబ్ అంటారు. వద్దన్నాక పది పనిదినాలు దాటకుండా ఆపెయ్యాలి. డాలర్ షాపులో ఒక పొడుగు పుస్తకం కొని, గడులు గీసి, మంగళవారం ఉదయం ఆ పనికి కేటాయించాను. నా పద్ధతి తేలిక. ఇదివరకు నేను చేసిన పనికి సంబంధించి వస్తే అది ఉత్తరం, ఉంచాలి. ఇకముందు నా చేత ఏదో కొనిపించడానికి వస్తే అది బేరం, ఆపించాలి. ఆపించబోతే ఏడుస్తున్న కవరు బొమ్మ ఒకటి ప్రత్యక్షమవుతుంది. ‘మీరు వెళ్లిపోతున్నందుకు మాకు బాధగా ఉంది’ అంటుంది. పీడ వదిలించుకుందామంటే కొంగు పట్టుకుని ఏడ్చినట్టు, ఎంత రోతగా ఉంటుందో.

నా స్నేహితురాలిది మా వీధిలోనే మూడో ఇల్లు. నిజామాబాద్ వైపు మనిషి. బీడీలు చుట్టి కొడుకును ఇంజనీరింగు చదివించింది. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంది, ఇంగ్లీషు రాదు. అంకెలు మాత్రం బాగా వచ్చు. ఇరవై ఐదు బీడీల కట్ట చేతిలోకి తీసుకుంటే ఒక్కటి తగ్గినా విప్పకుండా చెప్పేదట. నాకంటే నాలుగేళ్లు చిన్న, అందుకని అక్కా అంటుంది. ఆమె కొడుకు ఇక్కడి టెక్ పార్కులో పని చేస్తాడు. తల్లికి ఈమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ చీటీ మీద రాసి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“ఆంటీ, ఎలాగూ మీవి చూసుకుంటారు కదా, అమ్మవి కూడా చూసెయ్యండి. నాకు డే అంతా మెయిల్స్‌తోనే సరిపోతుంది.”

“అన్ని ఉత్తరాలు వస్తాయా నీకు?”

“రావడం కాదు ఆంటీ, పంపించడం. మా ప్రాడక్టే అది. కంపెనీలు వాళ్ల కస్టమర్స్‌కి మెయిల్స్ పంపుకునే సాఫ్ట్‌వేర్.”

“అయితే నాకు వచ్చే చెత్తకు నువ్వా కారణం?” అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆగస్టులో కుడి కంటికి తీశారు. ఎడమ కంటి తేదీ ఈమెయిల్‌లో వస్తుందనీ, వచ్చిన వారం రోజుల్లో ‘వస్తాను’ అని నొక్కాలనీ, నొక్కకపోతే ఆ తేదీ మరొకరికి వెళుతుందనీ చెప్పి పంపారు. కాగితం మీద రాసి పంపరా అని అడిగాను. పంపరట.

ఒక కన్ను తేటగా, ఒక కన్ను పాలు పోసినట్టుగా ఉంటే మనిషికి ఎంత కష్టమో అప్పుడు చూశాను. పాత కళ్లజోడు రెండింటిలో దేనికీ పనికిరాదు. టీ కప్పులో పోస్తున్నాననుకుని బల్ల మీద పోసింది. మా గుమ్మం ముందు రెండే మెట్లు, ఆమె మూడోదాని కోసం కాలు చాచి తూలింది.

“సలికాలం లోపట అయిపోతే సాలు అక్కా. మంచు పడ్డంక ఈ కన్నుతోటి బయట అడుగు పెడితే నడుము ఇరుగుడే,” అనేది.

ఆ కంటి ఆస్పత్రికి కింది అంతస్తులో సొంత కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఈమెయిళ్లు రెండింటికీ ఒకే చిరునామా నుంచి వస్తాయి. ఆగస్టు నుంచి సెప్టెంబరు మధ్యదాకా ఆమెకు పద్నాలుగు వచ్చాయి. కుడి కంటి చుక్కల మందు గురించి ఒకటి, ఫ్రేముల గురించి పదమూడు. పద్నాలుగోదానిలో నీలం కళ్లజోడు పెట్టుకున్న ఒక పిల్ల పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఆకు రాలే కాలానికి తగ్గింపు ధరలట. కళ్లు కనబడని మనిషికి పదమూడుసార్లు ఫ్రేములు చూపించేవాళ్లను ఏమనాలి? నాకు ఒళ్లు మండింది. అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కాను. తెరుచుకున్న పేజీలో ఒకటే బొత్తాం ఉంది. దాన్నీ నొక్కాను. ఆపరేషన్ తేదీ అంటే జరుగుతున్న వైద్యానికి సంబంధించిన ఉత్తరం, దుకాణాన్ని వద్దంటే దానికేమవుతుంది అనుకున్నాను. మా ఆఫీసులో అయితే ఏమీ కాదు. వరుస సంఖ్య ఎనభై ఎనిమిది, కంటి ఆస్పత్రి దుకాణం, కళ్లజోళ్ల బేరం, ఆపించడమైనది అని రాశాను.

“పోయిందా అక్కా పీడ?”

“పోయింది,” అన్నాను.

ఆ తర్వాత ఆరు మంగళవారాలు ఆమె రావడం, ‘నా చిట్టీ అచ్చిందా?’ అనడం, రాలేదు అని నేననడం. ఇక్కడి ఆస్పత్రులు ఇంతే, నెమ్మది అని సర్దిచెప్పాను కూడా. ఏడో మంగళవారం, నవంబరు నాలుగున, నాకు అనుమానం వచ్చి ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది. ఆమె కూడా వినేలా స్పీకరు పెట్టాను. ఇంగ్లీషులో జరిగిన మాటలు ఇవీ.

“అక్టోబరు ఇరవై ఏడుకు తేదీ ఇచ్చామండీ. మీరు కన్ఫర్మ్ చేయలేదు, వేరేవాళ్లకు ఇచ్చేశాం.”

“మాకు ఈమెయిల్ రానేలేదు.”

కీబోర్డు టకటకలు వినిపించాయి. “మీరు అన్‌సబ్‌స్క్రైబ్ చేశారు కదండీ.”

“కళ్లజోళ్లు వద్దన్నాను. ఆపరేషన్ వద్దనలేదు.”

“మాకు లిస్టు ఒకటేనండీ.”

తర్వాతి తేదీ ఎప్పుడని అడిగితే మార్చి నెలాఖరు అంది. ఇంకేమైనా సాయం కావాలా అని కూడా అడిగింది.

చెప్పుల కొట్టును ఆపించినప్పుడు తొమ్మిది పనిదినాలు పట్టింది, అది నా పుస్తకంలో ఉంది. ఆపరేషన్ తేదీని ఆపడానికి మాత్రం వీళ్లకు రెండు నొక్కులు చాలాయి.

ఫోన్ పెట్టాక ఆమెకు జరిగింది తెలుగులో చెప్పాను. ఆ రోజు నేను నొక్కినందుకే ఇలా అయిందని కూడా చెప్పాను.

“ముప్పయి ఏండ్లు సర్కారు కాయిదాలు సూసిన అంటివి గదక్కా.”

నేను రిజిస్టరు మూసేశాను.

“మార్చి అంటే ఎన్ని నెలలు?”

“అయిదు.”

ఆమె లేచి శాలువా కప్పుకుంది. మెట్ల దగ్గర చెయ్యి ఇవ్వబోతే అందుకోలేదు. కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ కాలితో తడుముకుంటూ దిగింది. నాలుగు అడుగులు వెనకగా వాళ్ల ఇంటిదాకా నడిచాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ సాయంత్రం ఆమె కొడుకు ఆఫీసు నుంచి రాగానే మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. అతను టాబ్లెట్‌లో ఆ పాత ఈమెయిల్ తీసి, వేళ్లతో సాగదీసి పెద్దది చేశాడు.

“ఇక్కడ చూడండి ఆంటీ, బాటమ్‌లో, గ్రే కలర్‌లో.”

తెల్లటి తెర మీద బూడిద రంగు అక్షరాలు, చీమ తలకాయంత. అన్‌సబ్‌స్క్రైబ్ చేస్తే అపాయింట్‌మెంట్ సమాచారం కూడా ఆగిపోతుందని రాసి ఉంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆఖరి లైను దాకా చదవకుండా ఏ కాగితం మీదా నేను ముద్ర వేసి ఎరగను. ఆ పిల్ల పళ్లు చూసి మండిపోయి, కిందికి చూడకుండా నొక్కాను. నా తప్పు అంతవరకు ఉంది. దాన్ని నేను తగ్గించి చెప్పను.

“అసలు ఇలా మిక్స్ చెయ్యకూడదు ఆంటీ,” అన్నాడు అతను. “అపాయింట్‌మెంట్‌ది ట్రాన్సాక్షనల్ మెయిల్, ఫ్రేమ్స్‌ది కమర్షియల్. రెంటికీ వేరే వేరే లిస్టులు మెయింటెయిన్ చెయ్యాలి. అన్‌సబ్‌స్క్రైబ్ కొడితే కమర్షియల్ ఒక్కటే ఆగాలి.”

“నేను అనుకున్నదీ అదే. మరి వీళ్లెందుకు కలిపారు?”

“ఓపెన్ రేట్ కోసం. సర్జరీ డేట్ కోసం వెయిట్ చేసేవాళ్లు ఆ అడ్రస్ నుంచి ఏది వచ్చినా ఓపెన్ చేస్తారు కదా. సో, అందులో ఆఫర్ పెడితే అందరూ చూస్తారు.”

వానలు ఎందుకు కురుస్తాయో చెప్పినట్టు చెప్పాడు.

“మీ సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇలా కలపవచ్చా?”

అతను టాబ్లెట్ బల్ల మీద పెట్టాడు. “కస్టమర్ అడిగితే... సెట్టింగ్ ఉంటుంది ఆంటీ.”

అంతవరకూ గోడ వైపు తిరిగి వింటున్న తల్లి ఇటు తిరిగింది. “అంటే ఏంది బిడ్డా, నా కన్నును ఎరేసి అద్దాలు అమ్ముతున్నరా?”

“నేను డిసైడ్ చెయ్యను అమ్మా. మేము టూల్ ఇస్తాం అంతే.”

“బీడీలు ఏరి పారేసేటోడు గూడ గట్లనే అంటుండె. నాదేం లేదమ్మా, సేటు సెప్పిండు అని.”

అతను ఫ్రిజ్ తెరిచి నీళ్ల సీసా తీసుకుని మేడ మీదికి వెళ్లిపోయాడు. కొడుకు జీతం తినే తల్లిగా అన్న మాట కాదు అది. పదేళ్ల వయసు నుంచీ తన బుట్టలోంచి బాగా లేవని బీడీలు ఏరి పారేసి కూలి కోస్తుంటే చూసిన మనిషి అన్న మాట. అతను మంచివాడే. తల్లిని కారులో ఎక్కించేటప్పుడు తల తగలకుండా చెయ్యి అడ్డం పెడతాడు. అలాంటివాడు కూడా ఈ రోతను ‘సెట్టింగ్’ అనే మాట కింద దాచెయ్యగలిగాడు.

ఆరో తేదీ గురువారం అతను సెలవు పెట్టి మా ఇద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్లాడు. నా రిజిస్టరు సంచిలో పెట్టుకున్నాను. అక్కడి నిర్వాహకురాలు మర్యాదగానే మాట్లాడింది. రిజిస్టరు చూపించి ఏ తేదీన దేన్ని ఆపించానో చెబితే ‘మీరు చాలా పద్ధతిగా ఉన్నారు’ అని మెచ్చుకుంది. నాకు కావలసింది మెప్పు కాదన్నాను. ఎవరైనా ఆపరేషన్ మానుకుంటే ఆ ఖాళీ ఇచ్చే జాబితా ఒకటి ఉందనీ, అందులో చేరిస్తే చలి ముదరకముందే తేదీ దొరకవచ్చనీ చెప్పింది. ఆ కబురు మాత్రం ఈమెయిల్‌లోనే పంపుతారు. అది పంపాలంటే మళ్లీ సమ్మతి కావాలి. తెర మా వైపు తిప్పింది.

చదివాను. ఈసారి కింది లైను దాకా చదివాను. ‘అపాయింట్‌మెంట్ల సమాచారం, వార్తలు, ప్రత్యేక తగ్గింపులు అందుకోవడానికి నాకు సమ్మతమే’ అని ఉంది. పక్కన ఒకటే గడి.

“మొదటిది ఒక్కటే కావాలి,” అన్నాను.

“విడిగా లేదండీ.”

“ఫోన్ చెయ్యండి.”

“ఫోన్లు చెయ్యడానికి మాకు మనుషులు లేరు.”

పైకి వచ్చేటప్పుడు కళ్లజోళ్ల దుకాణంలో నలుగురిని చూశాను. ఒక్క గిరాకీ లేక అద్దాలు తుడుస్తున్నారు. ఆ సంగతే అన్నాను. వాళ్లది వేరే విభాగం అంది. ఈమెయిల్ లిస్టు దగ్గర ఒకటైన వాళ్లు ఫోను దగ్గరికి వచ్చేసరికి వేరైపోయారు.

నేను స్నేహితురాలితో తెలుగులో అన్నాను: “దీనికి ఒప్పుకోవద్దు. ఇష్టం లేనిదానికి ఇష్టమేనని రాసి ఇవ్వడం ఇది. రోగి కన్ను తాకట్టు పెట్టించుకుని సంతకం తీసుకుంటున్నారు. ఫిర్యాదు చేద్దాం. ప్రభుత్వానికి రాస్తాను.”

“ఎన్ని దినాలు పడ్తది?”

“నెలలు పట్టవచ్చు. కానీ...”

“అక్కా, కన్ను నీదా, నాదా?”

“నీదే.”

“మరి ఏలు గూడ నాదే ఉండనియ్యి.”

తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగి, కుడి కన్నుతో ఆ గడి ఎక్కడుందో వెతికి, తన వేలితో తనే నొక్కింది. టిక్కు పడింది. నిర్వాహకురాలు ధన్యవాదాలు చెప్పింది.

కారులో తిరిగి వస్తూ నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆస్పత్రి మీద అసహ్యం తగ్గలేదు గానీ, దాని పక్కన ఇంకొకటి చేరింది. నా కట్టుబాటు నిలబెట్టుకోవడానికి ఆమె కన్ను ఇంకో ఐదు నెలలు మూసి ఉంచడానికి నేను సిద్ధపడ్డాను. ఒకసారి చూడకుండా చేశాను. రెండోసారి చూస్తూ చేయబోయాను.

ఆ మర్నాటి నుంచి మంగళవారం పద్ధతి మానేసి, రోజూ ఉదయం ఆమె ఈమెయిల్ తెరవడం మొదలుపెట్టాను. నవంబరు ఏడు నుంచి డిసెంబరు తొమ్మిది దాకా ముప్పై మూడు వచ్చాయి. ముప్పై మూడూ తల నుంచి కాలి దాకా చదివాను. ఒకటి కొంటే ఒకటి ఉచితం. మీ కళ్లు మాట్లాడతాయి. మిమ్మల్ని మిస్ అవుతున్నాం. మీ కుక్కకు కళ్లజోడు పెట్టి ఫోటో పంపండి. ఈ వయసులో నా కంటి చూపు దీని మీద ఖర్చు పెట్టాను. మధ్యలో మంచు పడింది. ఆమె బయటికి రావడం మానేసింది. నేనే బూట్లు వేసుకుని వాళ్లింటికి వెళ్లి, ఇంకా రాలేదని చెప్పి వచ్చేదాన్ని. ఆమె ‘సరే’ అనేది.

ముప్పై మూడోది పండుగ కానుకల గురించి. మంచులో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్న మొగుడూ పెళ్లాల బొమ్మ పైన, తగ్గింపు కూపను కింద. రెండింటి నడుమ, ఏ గీతా లేకుండా, డిసెంబరు 18, ఉదయం 7:40, ఎడమ కన్ను అని ఉంది. మూడుసార్లు చదివి, ఆ ‘వస్తాను’ బొత్తాం నొక్కి, తేదీ రాసుకుని, చెప్పడానికి పరుగులాంటి నడకతో వెళ్లాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది. “నిజంగనా?” అని ఒక్క మాట అని, గరిటె చేతిలో పట్టుకుని అలాగే కుర్చీలో కూర్చుండిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు మీద నాకేమీ ఫిర్యాదు లేదు, ఆయన చెయ్యి మంచిది. ఫిర్యాదు రెండు చోట్లకు రాశాను, ఇటువంటి వాటిని విచారించే ప్రభుత్వ కార్యాలయానికి ఒకటి, ఆస్పత్రికి ఒకటి. అందింది, పరిశీలిస్తామని ప్రభుత్వం నుంచి నాలుగు లైన్ల జవాబు వచ్చింది. మీ అభిప్రాయం మాకు విలువైనదని ఆస్పత్రి నుంచి వచ్చింది. దాని కింద కళ్లజోళ్ల బేరం ఉంది.

కంటి మీది కప్పు తీసిన వారానికి ఆమె మా ఇంటికి వచ్చింది. టీ తాగి, కప్పు కింద పెట్టి, నెమ్మదిగా అంది.

“అక్కా, కోపానికి రాకు. ఆ పాస్‌వర్డ్ చిట్టీ నాకియ్యి. ఇగ నా మెయిళ్లు నేనే సూసుకుంట.”

“ఇంగ్లీషులో ఉంటాయి కదా.”

“ఉండనియ్యి.”

రిజిస్టరు అట్టలోంచి చీటీ తీసి ఇచ్చాను. ఆమె అడిగినదాంట్లో అన్యాయమేమీ లేదు. అయినా ఆ సాయంత్రమంతా చెయ్యి ఖాళీగా అనిపించింది.

జనవరి మొదటి వారంలో ఫోన్ చేసింది.

“అక్కా, చెకప్‌ది అచ్చింది. పదిహేను తారీఖు, రెండున్నరకు.”

“నీకెలా తెలుసు? పదిహేను శాతం తగ్గింపేమో.”

“కాదు. అంకె నడుమ రెండు సుక్కలుంటే అది నాది. అంకె పక్కకు గీత, రెండు సున్నలుంటే అది వాళ్లది.”

“దుకాణం తెరిచే వేళలకు కూడా రెండు చుక్కలుంటాయి,” అన్నాను. వదలలేక అన్నాను.

“అవి జంటగుంటయి గదక్కా, తెరిసేది ఒకటి, మూసేది ఒకటి. నాది ఒంటిది.”

నాకు తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఇంతమంది ఇంజనీర్లూ, వాళ్ల సెట్టింగులూ కలిసి వేరు చెయ్యలేమన్నదాన్ని ఆమె ఒక్క వారంలో వేరు చేసింది.

“వారం రోజుల్లోపల ‘వస్తాను’ అని నొక్కాలి, గుర్తుందా? టాబ్లెట్ పట్టుకురా, చూపిస్తాను.”

“ఒత్తిన. ఒత్తినంకనే నీకు ఫోన్ చేసిన,” అంది.